మయ్యత్ బండి కమాన్లు

మా మస్జిద్ కమిటీ హిసాబ్ పుస్తకంలో ఒకే పద్దు రెండుసార్లు ఉంటుంది. "బండి కమాన్లు: 6,400." ఐదు వారాల తర్వాత తారీఖుతో మళ్లీ, "బండి కమాన్లు: 14,800." పోయిన జుమా నమాజ్ అయ్యాక ఒక పెద్దాయన ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఏం ఖజాంచీ సాబ్, కమాన్లేమన్నా అరటిపళ్లా, అయిపోయినప్పుడల్లా కొనడానికి?" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల గుచ్చుకుంది. చందా డబ్బంటే అమానత్. అడిగే హక్కు ఆయనకుంది. చెప్పులేసుకుంటూ చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మొదటి 6,400 నా తెలివితక్కువతనం. అది ముందే ఒప్పేసుకుంటున్నాను.

అసలు బండి ఎందుకొచ్చిందో తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా నానీ 2022 జులైలో ఇంతెకాల్ అయింది. గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన వారం అది. నానీ ఉండే లంక చుట్టూ నీళ్లే. పడవ మీద ఇవతలి గట్టుకి తెచ్చాం. తెచ్చాక గుసుల్ ఎక్కడ ఇవ్వాలి? ఆ గట్టు మీద మనవాళ్ల ఇల్లు ఒక్కటీ లేదు. ఒక రైతుగారు తన కొబ్బరికాయల షెడ్డు ఖాళీ చేయించి, ఇంట్లో ఆడవాళ్ల చీరలు తెచ్చి చుట్టూ పర్దా కట్టించారు. అల్లాహ్ ఆ ఇంటికి బరకత్ ఇవ్వాలి. గుసుల్ అయ్యి, కఫన్ అయ్యి, ఖబ్రస్తాన్‌కి తీసుకెళ్లడానికి దొరికింది ట్రాక్టరు. ఆ తొట్టికి కమాన్లు లేవు. ఇరుసు మీద చట్రం, చట్రం మీద రేకు, రేకు మీద నానీ. కాలవ గట్టు రోడ్డు తొమ్మిది కిలోమీటర్లు. నా రెండు అరచేతులూ ఆమె తల కింద పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి గుంతకీ నా వేళ్లు రేకుకి కొట్టుకునేవి. మయ్యత్‌కి కూడా తక్లీఫ్ కలిగించకూడదని చిన్నప్పుడు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు అరచేతులు తప్ప నా దగ్గర ఇంకేం లేవు.

వరద లేకపోయినా మనకి ఈ పరేషానీ ఉండేదే. కోనసీమలో మనం ఊరికి నాలుగిళ్లు, ఆరిళ్లు. అన్ని ఊళ్లలోనూ ఖబ్రస్తాన్ లేదు. మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరే నేల. జబ్బు ముదిరితే కాకినాడో, రాజమండ్రో పట్టుకెళ్తాం. అక్కడ పోతే అద్దె ఇంటికి మయ్యత్‌ని తేవాలి. ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, గుసుల్‌కి చోటుండాలి. అందుకే కమిటీ ఒక మాట అనుకుంది. గుసుల్ తఖ్తా, నీళ్లు, పర్దా అన్నీ బండిలోనే ఉండాలి, ఎవరి వాకిట్లోకి కావాలంటే అక్కడికి వెళ్లాలి. కువైట్‌లో, మస్కట్‌లో పనిచేసే మన బిడ్డలు నెల జీతాల్లోంచి పంపారు. ఇక్కడ పూలమ్ముకునే ఒక ఖాలా మూడు వందలు తెచ్చి, పేరు రాయొద్దంది.

బండి సెకండ్ హ్యాండ్. బొలెరో పికప్, 1,300 కిలోల బోజు మోసే రకం. అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు తోలిన బండి. అంటే దాని గత జీవితం ఎలా గడిచి ఉంటుందో కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు. దాని మీద ఇనప చట్రం, స్టీలు రేకులతో గది కట్టించాం. గుసుల్ తఖ్తా, దాని కింద నీళ్లు పోయే తూము, 500 లీటర్ల ట్యాంకు, ఫ్రీజర్ బాక్సు, దానికి జెనరేటర్, పక్కన ఆరుగురు కూర్చునే బెంచీ. ఏది అడిగితే దానికి "ఉండనివ్వండి" అన్నాం. సవాబ్ పని కదా, లోటు చెయ్యకూడదని.

ట్యాంకు నింపి మనుషుల్ని ఎక్కించేసరికి బండి వెనక్కి చతికిలబడింది. ముందు లైట్లు రోడ్డు మీద కాక కొబ్బరి మట్టల మీద పడుతున్నాయి. ఎదురొచ్చేవాళ్లు తిట్టుకుంటూ పోతున్నారు. గుంతలో పడితే వెనక టైరు మడ్‌గార్డుకి రాసుకుని రబ్బరు కాలిన వాసన.

హైవే పక్కన కమాన్ల పని చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కిందకి వంగి ఒక్క చూపు చూశాడు. "ఆయ్, దీనికేముందండి, రెండు పట్టీలు ఎక్కించేద్దాం. కొబ్బరి బళ్లన్నీ ఇంతే కదండీ." సాయంత్రానికల్లా పక్కకి రెండేసి దళసరి పట్టీలు ఎక్కాయి. పట్టీల ఇనుము కిలోల లెక్కన తూచి ఇస్తారు. మొత్తం 6,400. బండి కోడిపుంజులా తల దించి తోక ఎత్తి నిలబడింది. నాకు భలే ఖుషీ. ఆయన్ని ఇప్పటికీ ఒక్క మాట అనను. బండి కుంగకూడదని అడిగాను, కుంగకుండా చేశాడు. నేను అడిగిన ప్రశ్నే తప్పు.

ఆ తర్వాత మొదటి సఫర్ కాకినాడ నుంచి రాజోలు దాటి లోపలికి. ఒక తల్లి మయ్యత్. గుసుల్ అక్కడే ఆసుపత్రి బయట బండిలో అయిపోయింది, ట్యాంకు ఖాళీ అయింది. వెనక డోలా, ఆమె కొడుకు, నేను. మిగతావాళ్లు కారులో ముందు వెళ్లారు. యానాం దాటి, ఎదుర్లంక వంతెన ఎక్కేచోట మొదటి దెబ్బ. వంతెన అతుకుల మీద వరసగా టకటకమని. ముమ్మిడివరం, అమలాపురం, మధ్యలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లో లెక్కలేదు. బోడసకుర్రు వంతెన దిగేటప్పుడు డోలా బెత్తెడు ఎత్తు లేచి పడింది. ఆ అబ్బాయి, పాతికేళ్లు కూడా లేవు, ఏమీ అనలేదు. నెమ్మదిగా బెంచీ మీంచి కిందకి జారి, రెండు చేతులూ అమ్మ తల కింద పెట్టుకున్నాడు.

నేను వాడి వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయాను. లక్షలు పోసి కట్టుకున్న బండిలో మళ్లీ అదే ట్రాక్టరు తొట్టి.

దఫన్ అయ్యాక వాడు నా చెయ్యి పట్టుకుని షుక్రియా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఫజర్ అవగానే అమలాపురంలో మా మామూ దగ్గరికి వెళ్లాను. ఆయన నలభై ఏళ్లు కమాన్ల పని చేసి, మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాడు. మన ఇళ్లలో ఎంతమంది ఈ పనిలో ఉన్నారో చూడండి. ఆ షెడ్లలో మాటలు కూడా మనవే: మిస్త్రీ, ఉస్తాద్, మరమ్మతు. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. పట్టీల కట్టని పక్కనుంచి చూస్తే విల్లే. ఇరుసు మీద ఒంగి, బోజు పడితే సాగి, బోజు తీస్తే మళ్లీ ఒంగాలి.

మామూ బండి కిందకి దూరలేడు. నన్ను దూరమన్నాడు. "పట్టీలెన్ని? కొత్తవాటి మందం ఎంత? పాతవాటి మందం ఎంత?" పాతవి 6 మిల్లీమీటర్లు, కొత్తవి 8. "రెండు మిల్లీమీటర్లే కదా మామూ" అన్నాను.

"రెండు మిల్లీమీటర్లా? అరే బేటా, పట్టీ మందం రెట్టింపు చేస్తే గట్టితనం రెట్టింపవదు, ఎనిమిది రెట్లవుతుంది. 6 నుంచి 8కి పోయావంటే ఒక్కో పట్టీ రెండింతల కంటే గట్టిది. అలాంటివి పక్కకి రెండు పెట్టావు. టన్నున్నర కాయలు పోసుకుంటే ఇది మెత్తగా పోతుంది. నీ దగ్గర ఒక అమ్మ, ఒక కొడుకు ఉన్నారు. వాళ్ల బరువుకి ఈ విల్లు ఒంగదు. ఒంగని విల్లుకీ ఇనప దూలానికీ ఫరక్ ఏముంది?"

మా మేనల్లుడు ఫోన్లో ఒక సంగతి చూపించాడు. అమెరికాలో పికప్ వెనకాల ఏకంగా ఇల్లే పెట్టుకుని తిరుగుతారట. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ. దాన్ని క్యాంపర్ అంటారు. (మన దగ్గర క్యాంపర్ అంటే మహీంద్రా బండి పేరు, మామూ చాలాసేపు అదే అనుకుని వాదించాడు.) వాళ్ల ఇబ్బందీ అచ్చం మాదే: వెనక కుంగడం, లైట్లు పైకి చూడటం. వాళ్లూ పట్టీలు ఎక్కిస్తారు, ఇరుసుకీ చట్రానికీ మధ్య గాలి సంచులు పెడతారు. అయితే సఫర్ మొదలయ్యాక ఆ ఇల్లు బండి మీదే ఉంటుంది, బోజు పెద్దగా మారదు. మా బండి నిండు ట్యాంకుతో వెళ్తుంది, ఖాళీ ట్యాంకుతో వస్తుంది. మెత్తగా పోవాల్సింది ఖాళీగా ఉన్నప్పుడే.

"ముందు కాటా వేయించుకురా" అన్నాడు మామూ. ఇంతవరకూ ఎవరికీ తట్టని పని అది. వడ్ల లారీలు తూచే కాటా మీద నిండు ట్యాంకుతో, అన్ని సామాన్లతో, ఆరుగురు మనుషులతో తూచాం. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువుకి 310 కిలోలు ఎక్కువ! తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచాం. ఎక్కువైన బోజంతా వెనకే. ట్యాంకుని వెనక తలుపు పక్కన, ఇరుసుకి అవతల పెట్టించాం కదా. ఇరుసు వెనక పెట్టిన బోజు వెనక్కి కుంగదీయడమే కాదు, త్రాసులో లాగా ముందు చక్రాల్ని పైకి లేపుతుంది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందని మా డ్రైవర్ భాయ్ మురిసిపోయేవాడు. అది మురిసే సంగతి కాదట.

ఇక్కడ కానూన్ మాట ఒకటి. పట్టీలు ఎన్ని ఎక్కించినా ఆర్.సి.లో బరువు పెరగదు. బండి ఎంత మోయాలో చట్రం, ఇరుసు, బ్రేకులు, టైర్లు అన్నీ కలిపి కంపెనీ తేల్చిన లెక్క అది. అది దాటితే 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. బండి రూపం మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ఇజాజత్ కావాలి. మేం గది కట్టినప్పుడు ఆ కాగితం తీసుకున్నాం, అల్హందులిల్లాహ్. బరువు సంగతి మాత్రం ఎవరం చూడలేదు.

బోజు తగ్గించాలంటే కమిటీ కూర్చోవాలి. ఇషా తర్వాత కూర్చున్నాం. ట్యాంకు దగ్గరే లొల్లి. 500 లీటర్లు అంటే 500 కిలోలు. సదర్ సాబ్ ఒప్పుకోలేదు. "నీళ్లు చాలకపోతే ఎవరిది జిమ్మేదారీ?" అన్నారు. ఇమాం సాబ్ నెమ్మదిగా, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం గుసుల్‌కి వాడిన నీళ్లెంతో గుర్తుచేశారు. ఒక సా, అంటే ఇప్పటి లెక్కలో సుమారు మూడు లీటర్లు. పక్కన నది పారుతున్నా ఇస్రాఫ్ వద్దన్నదే మన దీన్ కదా అన్నారు. మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం ఉన్న నేల మీద కూర్చుని ఆ మాట వింటుంటే అందరూ కాసేపు మాట్లాడలేదు. అయినా మయ్యత్ గుసుల్‌కి మూడు లీటర్లు సరిపోవు. మూడుసార్లు పోయాలి, అవసరమైతే ఐదు. రేగాకు నీళ్లు, చివర కాఫూర్ నీళ్లు. మరి ఎన్ని?

అప్పుడు నాకు తట్టింది. రోజూ ఆ పని చేసే మనిషిని మేం ఒక్కసారీ అడగలేదు. ఆడ మయ్యత్‌లకి గుసుల్ ఇచ్చే ఖాలాని ఫోన్లో అడిగాం. ఆమె నవ్వింది. "నాకు రెండు బకెట్లు, ఇంకో రెండు చెయ్యీ తఖ్తా కడగడానికి. వంద లీటర్లు మహా ఎక్కువ. మీరు ఐదొందలు పెట్టి చన్నీళ్లు ఇచ్చారు. ఆఖరి గుసుల్ కదా బేటా, గోరువెచ్చగా ఉండొద్దా? ఇంకోటి, ఆ వెనక పర్దా గాలికి ఎగురుతోంది. నేను ఒక చేత్తో పర్దా పట్టుకుని ఒక చేత్తో నీళ్లు పోస్తున్నాను." బండి వచ్చిన ఇన్నాళ్లకి ఆ సంగతి మాకు తెలిసింది. సిగ్గేసింది.

150 లీటర్ల ట్యాంకు కొన్నాం, అది కూడా కేబిన్ వెనక గోడకి ఆనించి, ఇరుసుకి ముందు. జెనరేటర్ తీసేశాం. ఫ్రీజర్ బాక్సు మస్జిద్‌లోనే ఉంటుంది, దూరం నుంచి బిడ్డలు వచ్చేదాకా ఉంచాల్సినప్పుడే ఎక్కిస్తాం. నీళ్లు కాచుకోవడానికి చిన్న గ్యాసు పొయ్యి. పర్దాకి కింద కూడా కడ్డీ. మళ్లీ కాటా: ఆర్.సి. బరువుకి 230 కిలోలు తక్కువ.

ఇక కమాన్లు. దళసరి పట్టీలు తీసేయగానే బండి మళ్లీ కొంచెం కుంగింది. బోజు తగ్గినా ఎందుకు కుంగాలి? మామూ బయటికి తీసిన పాత కట్టని నేల మీద పెట్టించి చూశాడు. విల్లు ఒంపు దాదాపు పోయింది, బల్లలా ఉంది. కొబ్బరి కాయలు దాని ప్రాణం తీశాయి. సెంటర్ బోల్టు సగం అరిగి మెడ సన్నబడి ఉంది. అది తెగితే ఇరుసు పక్కకి జరుగుతుంది. పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదానికొకటి కరుచుకుపోయాయి. సముద్రపు గాలి, కాలవ గట్ల బురద, వేరే చెప్పాలా. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాను పనిచేస్తుంది. తుప్పుతో అతుక్కుంటే చిన్న గుంతకి కదలనే కదలవు, దెబ్బ తిన్నగా పైకొస్తుంది. ఒక పట్టీకి పగులు కూడా ఉంది. వెల్డింగ్ పెట్టిద్దామా అన్నాను. మామూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నిప్పు తగిలితే ఆబ్ పోతుంది. ఆబ్ పోయిన పట్టీ మామూలు ఇనుము."

కంపెనీ లెక్క ప్రకారం ఉన్న కొత్త కట్టలు రెండు పక్కలా వేయించాం, ఒక్క పట్టీ కూడా ఎక్కువ లేకుండా. దానిపైన హెల్పర్ పట్టీ ఒక్కటి. ఇది మామూ చేసిన పని. హెల్పర్ రెండు కొసలూ చట్రానికి తగలకుండా ఖాళీ ఉంచాడు. బండి తేలిగ్గా ఉన్నంతసేపు అది ఊరికే కూర్చుంటుంది. నీళ్లు నిండి, ఆరుగురు ఎక్కి, కిందకి దిగినప్పుడు మాత్రమే కొసలు ఆని బోజు పంచుకుంటుంది. ఆ ఖాళీ ఎంతుండాలో చూడటానికి ఇసుక బస్తాలు ఎక్కించి దించి, ఎక్కించి దించి, ఒక ఆదివారమంతా పోయింది. కొత్త షాకిల్ బుష్షులు, కొత్త యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు, పట్టీల మధ్య గ్రీజు. మొత్తం 14,800. మామూ మజూరీ ఒక పూట బిర్యానీ, అది నా జేబులోది.

ఇంకొకటి ఉంది, దీన్ని చదివే బండివాళ్లు గమనించాలి. మా బండి వెనక ఇరుసు దగ్గర చిన్న కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. ఎల్.ఎస్.పి.వి. అంటారు. బండి వెనక ఎంత కుంగిందో ఆ కడ్డీ చూసి, బోజుని బట్టి వెనక బ్రేకుకి ఎంత జోరు ఇవ్వాలో తేలుస్తుంది. నేను దళసరి పట్టీలు వేసి తోక ఎత్తేశాక, నిండు బండిని కూడా అది ఖాళీ బండి అనుకుంది. వెనక బ్రేకు తగ్గించేసింది. ఐదు వారాలు మేం అలా తిరిగాం, వంతెనల మీద, కాలవ గట్ల మీద, మనుషుల్ని ఎక్కించుకుని. అల్లాహ్ కాపాడాడు. కొత్త కట్టలు వేశాక ఆ కడ్డీని మళ్లీ సరిచేయించాం.

అంతా అయ్యాక పరీక్ష. నేను తఖ్తా మీద నీళ్ల గిన్నె పెట్టి చూద్దామన్నాను. మామూ వినలేదు. కర్ర ఆనించుకుని బండెక్కి, తఖ్తా మీద వెల్లకిలా పడుకున్నాడు. డెబ్భై రెండేళ్ల మనిషి.

"మామూ, అది మయ్యత్ తఖ్తా..."

"తెలుసు. నడపమను."

డ్రైవర్ భాయ్ 'బిస్మిల్లాహ్' అని కాలవ గట్టు మీదకి తీశాడు. నేను బెంచీ మీద. మామూ కళ్లు మూసుకుని, కర్రతో కేబిన్ గోడ మీద కొడుతూ ఉన్నాడు. ఒక దెబ్బంటే నెమ్మది, రెండంటే పర్లేదు. నలభైలో మంచి రోడ్డు మీద రెండు దెబ్బలు. తూము దగ్గర ఇరవై ఐదులో కూడా ఒకటే దెబ్బ. పదిహేనుకి తగ్గాక రెండు. గుంతల్లో ఆయన తల తఖ్తా మీంచి లేవలేదు. నేను అదే చూస్తున్నాను. ఒకచోట మాత్రం కళ్లు తెరిచి, "ఎడమ పక్క పైనుంచి మూడో పట్టీ చప్పుడు చేస్తోంది, గ్రీజు సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. విప్పి చూస్తే నిజమే.

"తల కింద దిండు పెట్టించు" అన్నాడు దిగుతూ. "పక్కకి దొర్లకుండా రెండు వైపులా మెత్తగా కూడా." అవి మా అమ్మీ కుట్టి ఇచ్చింది. వాటికి ఖర్చు రాయలేదు.

ఇదీ రెండు పద్దుల సంగతి. తీసేసిన దళసరి పట్టీలు ఇనుము లెక్కన అమ్మితే 1,900 వచ్చాయి, జమ వైపు చూడండి, ఉంది. మిగతా నష్టం 4,500 నేను కట్టేశాను, రసీదు మస్జిద్‌లో ఉంది. కొత్త యూ బోల్టులు 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని మామూ చెప్పాడు. నిన్నటికి 460 అయింది. ఈ ఆదివారం ఫజర్ తర్వాత బిగిస్తాం. పానా పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి, వచ్చేవాళ్లు ముందే చెప్పండి.